బానెట్ కొక్కేనికి జీడినూనె

మా పాతకార్ల క్లబ్బులో ఒక పద్ధతుంది. ఏడాదికోసారి అక్కుపల్లి తీరాన కార్లన్నీ వరసగా పెట్టి, సెల్ఫ్ ముట్టకుండా హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చెయ్యాలి. మొదటి తిప్పుకే అందుకోని బండి ఊరేగింపులో అందరికంటే వెనక పోవాలి. పోయినేడు నా అంబాసిడర్ ఎనిమిది తిప్పులకీ అందుకోలేదు. పలాస జీడిపప్పు వ్యాపారులు, టెక్కలి ప్లీడరు గారు కడుపు పట్టుకుని నవ్వారు. మా ఆవిడ తమ్ముడు ఒక్కడే నవ్వలేదు. నవ్వనివాడి మీదే నాకు అనుమానం పడింది.

కారణం లేకపోలేదు. ఆ బండి మా మావది, అంటే వాడి నాన్నది. మావకి డయాలసిస్ మొదలయ్యాక బావమరిది దాన్ని నాకు అమ్మాడు. నేను గట్టిగా బేరమాడే కొన్నాను. మావ పోయాడు, బండి నా షెడ్డులో ఉంది. వాడికి కడుపుమంట ఉండదా? పైగా ఆ పొద్దున్న వాడు నా బండి చుట్టూ తిరగడం చూశామని ఇద్దరు చెప్పారు. ఏడాదంతా ఆ మాట నా బుర్రని తొలుస్తూనే ఉంది. వాడు ఇంటికొస్తే బండి తాళాలు జేబులో వేసుకునేవాణ్ణి. మా ఆవిడ చూసి ముఖం తిప్పుకునేది.

ఈసారి నేనో పని చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. పడవలకి పూసే జీడిపిక్కల నూనె తెచ్చి బానెట్ కొక్కేనికి లోపలివైపు రాశాను. అది తగిలితే చర్మం కాలుతుందని జీడితోటల మా ఉద్దానంలో చిన్నపిల్లలకీ తెలుసు. బండిని తీరాన వదిలి టిఫినుకి వెళ్లిపోయాను.

తిరిగొచ్చి హ్యాండిల్ తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఒక్కొక్కరి చేతులూ చూసుకుంటూ పోయాను. భోజనాల దగ్గర బావమరిది ఎడమచేత్తో తింటున్నాడు. కుడిచెయ్యి లాగి చూశాను. వేళ్లు నల్లబడి, కందిపోయి, పొక్కుతున్నాయి.

"సూడండి, దొంగ దొరికాడు" అన్నాను అందరి ముందూ. "నా బండిలో ఏటి సేసినావురా?"

"డిస్ట్రిబ్యూటర్ మూత తీసి తుడిసినాను బావా" అన్నాడు. "సముద్రం గాలికి అందులో తడి సేరితే బండి అందుకోదు. నాన్న ఇక్కడికొత్తే ముందు అదే తుడిసీవోడు. పోయినేడు కూడా తుడుద్దామనే వొచ్చినాను. నీ బండి కదా అని ముట్టకుండా ఎల్లిపోనాను. నలుగురూ నవ్వినారు. ఈపాలి ఆగలేకపోనాను."

ప్లీడరు గారు విస్తట్లోకి తల వంచుకున్నారు. క్షమించమని అడగాల్సింది నేను. నోరు మాత్రం ఇంకోలా తిరిగింది.

"అడిగి ముట్టుకోవాల కదా" అన్నాను.

"అడిగితే ముట్టనిత్తువేటి బావా?"

ముట్టనిచ్చేవాణ్ణి కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.