చిన్నాయన ఆపిన మోటారు

మంగళవాడలో మా ఇంటికి కంప్యూటరు గోనెసంచిలో వచ్చింది. పావగడ బజారులో మూతబడిన కంప్యూటరు క్లాసువాళ్లు అమ్ముతుంటే చిన్నాయన కొని, బస్సు టాపు మీద వేరుశనగ విత్తనాల మూటల మధ్య పడుకోబెట్టి తెచ్చాడు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. కరువు మీద కరువు నడుస్తున్న ఆ రోజుల్లో, డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న పిల్లకు అంత ఖర్చు పెట్టడమంటే మాటలు కాదు.

చివరికి బెంగళూరులో ఒక చిన్న ఆఫీసు నాకు పరీక్ష పెట్టింది. వానల లెక్కలు చూసే ప్రోగ్రాము ఒకటి వాళ్లు రాయడానికి సులువైన ఒక స్క్రిప్టు భాషలో రాసుకున్నారు. అది నత్తనడక నడిచేది. అందులో బరువైన భాగాన్ని వేగంగా నడిచే సి భాషలో రాసి, ఆ స్క్రిప్టు భాషకు తగిలించి, సోమవారం ఫ్లాపీల్లో తెచ్చి చూపిస్తే ఉద్యోగం నాదే అన్నారు. చుక్క వాన పడని ఊళ్లో కూర్చుని వాన లెక్కలను పరుగెత్తించాలి!

సి రాయడం అయింది. రాసినదాన్ని మిషనుకు అర్థమయ్యేలా మార్చే కంపైలరు కొనే స్తోమత లేదు. పత్రికతో పాటు వచ్చిన సీడీలో ఉచిత కంపైలరు ఉంటే, దాన్ని రాసి పంచిన, ముక్కూ మొహం తెలియని ఆ మహానుభావులకు దణ్ణం పెట్టుకుని దాన్నే వాడాను. నా ముక్క తయారైంది కానీ స్క్రిప్టు భాషకు అతకలేదు. స్క్రిప్టు భాషను వేరే కంపైలరుతో కట్టారు మరి. దాని సోర్సు, అంటే మూలపాఠం, కూడా సీడీలో ఉంది కాబట్టి, మొత్తం భాషనే నా కంపైలరుతో కట్టుకుంటే రెండూ కలుస్తాయి. మా పాత మిషను మీద దానికి పూటంతా పడుతుంది.

పూటంతా కరెంటు ఉంటే కదా! మా దగ్గర బోరు మోటార్లకు, కరెంటు రాగానే వాటంతటవే లేచేలా, ఆటో స్టార్టర్లు బిగించి వదిలేస్తారు. మోటార్లు నడిపే త్రీఫేజు కరెంటు రాగానే బతికున్న బోర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, వోల్టేజీ పడిపోతుంది, నా కంప్యూటరు ఆరిపోతుంది. మోటార్లు తిరగని వేళ అసలు కరెంటే ఉండదు. ఆరిపోయేటప్పటికి సగమే రాసిన ఫైళ్లు బాగున్నట్టే నటించి, చివర్లో అతికేటప్పుడు మొండికేసేవి. మళ్లీ మొదటికి.

ఆదివారం పొద్దున చిన్నాయన నా మొహం చూశాడు.

"ఏమాయ పాపా?"

"మోటార్లు పడతానే ఇది ఆరిపోతాది చిన్నాయనా. ఈ పొద్దు కాకపోతే ఉద్యోగం యాడిది?"

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మా ట్రాన్స్‌ఫార్మరు కింద బోర్లున్న ఇళ్లన్నీ తిరిగి, ఆటో తీసేసి ఒకరి తర్వాత ఒకరు మోటారు వేసుకునేట్టు ఒప్పించాడు. వేరుశనగ ఊడలు నేలలోకి దిగే సమయం అది. ఆ తడి తప్పితే కాయ నిండదు. అయినా ఒప్పుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం "కంప్యూటరుకి కూడా నీళ్లు కట్టల్లా ఏందప్పా?" అన్నాడట.

మిషను వేడెక్కకుండా చిన్నమ్మ కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, పొదిగే కోడిని కాపాడినట్టు గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు.

పొద్దు వాలాక తెర మీద చివరి లైను పడింది. తప్పు లేదు. నా ముక్క తగిలించి నడిపితే లెక్కలు పరుగందుకున్నాయి. అరుస్తూ చేనికి పరుగెత్తాను. చిన్నాయన స్టార్టరు పెట్టె పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మా కాలువ ఎండిపోయి ఉంది. అందరికీ వంతులు వేసి, తన వంతు చివర పెట్టుకున్నాడు.

"అయిపోయిండాదా? ఇంక నేనేసుకోవచ్చునా?" అని పచ్చ బటన్ నొక్కాడు. మోటారు పలకలేదు. నేను చేనికి చేరేలోపే త్రీఫేజు పోయింది.

నేనూ ఆ బటన్ నొక్కి చూశాను.

"రేపొస్తాదిలే పాపా. నువ్వు బస్సుకి పో."

మర్నాడు త్రీఫేజే రాలేదట. ఆ వారమంతా అదే వరస. నాకు మాత్రం ఉద్యోగం వచ్చింది. ఇవాళ నేను తినే తిండి ఆ తడవని సాళ్లదే. ఆయనకు ఎన్ని దణ్ణాలు పెట్టినా నాకు చాలదు.

వేరుశనగ చెట్లు పీకే రోజుకు బెంగళూరు నుంచి వచ్చాను. చిన్నాయన ఒక చెట్టు పీకి చేత్తో ఒత్తి చూశాడు. అన్నీ గింజ లేని తాలుకాయలే. నేను చూస్తున్నానని గమనించి దాన్ని ఎద్దుల ముందుకు విసిరేసి, "మీ ఆఫీసులో వాన లెక్క ఏం చెప్తా ఉండాది పాపా?" అని నవ్వాడు.