మారెమ్మకు సరిపడే ఊరు

రాయచెర్లు మారెమ్మ విమానమెక్కి వియత్నాం పోయివచ్చిందంటే నాగలమడిక బస్సులో మొదట ఎవరూ నమ్మలేదు. బస్సెక్కి బెంగళూరు పోవాలన్నా దారి పొడుగునా వాంతులు చేసుకునే మనిషి ఆమె.

పుట్టినప్పటి నుంచీ గొర్రెలతోనే ఆమె బతుకు. భర్త కదిరయ్య చనిపోయాక కూడా మందను వదల్లేదు. ఆ మంద మీదే కూతురు చైత్రను తుమకూరులో ఇంజినీరింగ్ చదివించింది. తర్వాత సోలార్ పార్కు వచ్చింది. ఊళ్లో చాలామందితోపాటు ఆమె కూడా చేను లీజుకిచ్చింది. మేత దొరికే బీళ్లన్నీ కంచెల లోపలికి పోయాయి. తోలుకుపోయే చోటు లేక గొర్రెలను అమ్మేసింది. లీజు డబ్బు వస్తోంది కాబట్టి తిండికి లోటు లేదు. కానీ తెల్లారి లేచాక ఏం చెయ్యాలో తెలియకుండా పోయింది. ప్యానెళ్లు కడగడానికి కూలీలను తీసుకుపోయే ఆటోలను చూస్తూ వాకిట్లో కూర్చునేది.

చైత్రకు బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీ ఉన్నట్టుండి ఆఫీసు మూసేసి, ఇకమీదట ఎవరికి నచ్చిన ఊళ్లో ఉండి వాళ్లు పనిచేసుకోవచ్చని చెప్పింది. చైత్ర ఇంటికి వచ్చేసింది. లోపల సిగ్నల్ అందక మిద్దె మీద రేకుల షెడ్డు వేయించుకుంది. మాఘమాసం దాటితే ఎండకు ఆ రేకుల కింద ఎవరూ కూర్చోలేరు. ఆమె జట్టులోని వాళ్లు మాత్రం దేశాలు పట్టుకు పోయారు. ఒకడు లిస్బన్ నుంచి మాట్లాడేవాడు, ఇంకొకామె చియాంగ్ మాయి నుంచి. అందరూ "నువ్వెప్పుడు?" అనేవాళ్లు.

పోవాలని చైత్రకూ ఉంది. ఆ మాట తల్లితో అనలేక, ఏ ఊరు ఎలా ఉంటుందో ఫోన్‌లో చూసుకుంటూ ఉండేది. ఒకరోజు మారెమ్మే అడిగింది.

"ఏందే అది? పెండ్లి సంబంధాలు చూసినట్ల పొద్దస్తమానం చూస్తాండావు."

"పనిచేసుకునేకి ఏ ఊరు బాగుంటుందా అని చూస్తాండా మా."

"నచ్చితే పో. నన్ను చూసి ఆగొద్దు."

"నిన్ను ఇడిసిపెట్టి నేను యాడికీ పోను. నువ్వూ రావల్ల."

"ఆడ నేనేం చేసేది?" అంది మారెమ్మ.

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి ఊళ్లు చూడడం మొదలుపెట్టారు. ఫోన్‌లో ఒక్కో ఊరికీ ఇంటర్నెట్ వేగం, గది అద్దె, కాఫీ షాపుల సంగతి రాసి ఉండేది. మారెమ్మ అడిగేవి వేరే. లిస్బన్ వీధుల ఫోటోలు చూసి, "అన్ని మెట్లెక్కేకి నా మోకాళ్లు ఒప్పవు" అంది. ఆ దేశపు వీసాకు కావలసినంత జీతం తనకు లేదని చైత్ర కూడా దాన్ని వదిలేసింది. టిబిలిసి అనే ఊరు చూశారు గానీ, అక్కడి చలికి తల్లి తట్టుకోలేదు. చియాంగ్ మాయిలో ఎండాకాలం పొలాలు కాల్చిన పొగ కమ్ముకుంటుందని చదివి, తల్లి దగ్గు గుర్తొచ్చి అదీ వద్దనుకుంది. మిగిలింది వియత్నాంలోని దనాంగ్. సముద్రం ఒడ్డు, చదునైన రోడ్లు. వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు.

"వాళ్లు అన్నం తింటారా?"

"తింటారు మా. మనకన్నా ఎక్కువే."

"అయితే చూద్దాంలే."

పక్కింటి ఓబక్క, "ఆడ పాముల్ని తింటారంట కదక్కా, ఎట్ల పోతావు?" అని భయపెట్టింది. అయినా శివరాత్రి కాగానే రాగిపిండి, ఊరగాయ మూటగట్టుకుని తల్లీకూతుళ్లు బయల్దేరారు.

దనాంగ్‌లో మొదటి వారాలు బాగా జరగలేదు. నాలుగో అంతస్తులో గది. లిఫ్టు తలుపులు మూసుకుంటే మారెమ్మకు ఊపిరాడేది కాదు, మెట్లకు మోకాళ్లు ఒప్పేవి కావు, అందుకే కిందికి దిగేదే కాదు. రోజంతా కిటికీ దగ్గరే కూర్చునేది. ఎప్పుడడిగినా "బాగుండాది" అనేది, కంచంలో అన్నం మాత్రం అట్లాగే మిగిలిపోయేది. ఊళ్లన్నీ పోల్చి చూసి, తల్లికి అసలు కావలసిందేదో చూడలేదని చైత్ర తనను తాను తిట్టుకుంది. తిరుగు టికెట్లు ముందుకు జరుపుదామని అనుకుంటూ ఉండగా ఆ రోజు వచ్చింది.

కొత్త కస్టమర్‌కు పని చూపించే మీటింగ్ అది. తన వంతు రావడానికి ముందు చైత్ర వెనక్కి తిరిగి చూస్తే కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. స్నానాల గదిలో లేదు. చెప్పులు లేవు. ఫోన్ మంచం మీదే ఉంది. "మా అమ్మ కనిపించడం లేదు" అని మాత్రం మీటింగ్‌లో చెప్పి, మెట్ల మీదుగా పరుగెత్తింది. కింద కాపలా మనిషికి ఫోటో చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. సముద్రం ఒడ్డుకు పరుగెత్తింది. నీళ్లకేసి చూడడానికి ధైర్యం చాల్లేదు, అయినా చూసింది. తల్లికి ఆ దేశపు భాషలో ఒక్క ముక్క రాదు, ఇంటి అడ్రసు తెలియదు.

వెనక్కి వచ్చి భవనం వెనక సందులోకి తిరిగింది. అక్కడ ఒక అంగడి ముందు పీకి తెచ్చిన శెనక్కాయ చెట్లు కుప్పగా పోసి ఉన్నాయి. ఆకుల టోపీ పెట్టుకున్న ఒకామె పక్కన, కాళ్లు బారజాపుకుని, మారెమ్మ కాయలు కోస్తోంది. ఆమె తన భాషలో ఏదో చెబుతోంది. మారెమ్మ తెలుగులో, "మాకాడ ఇంత లావు కాయ రాదు తల్లీ, వాన ఉంటే కదా" అంటోంది.

చైత్ర అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది.

"ఏందే? ఎవరన్నా ఏమన్నా అన్నారా?" మారెమ్మ బెదిరిపోయింది.

"చెప్పకుండా వచ్చినావేం మా? సముద్రంలో పడినావేమో అనుకుంటి!"

"నువ్వు కంప్యూటర్‌లో మాట్లాడతాంటే ఎట్ల చెప్పేది? పైనుంచి చూస్తే ఈమె ఒక్కతే అంత కుప్ప కోస్తాంది. పాపమని మెట్లు దిగి వచ్చినా."

అంగడామె చైత్రకు నీళ్లిచ్చి వీపు నిమిరింది. నీళ్లు తాగుతుంటే గుండెల మీంచి బండ దించినట్టయింది. అంతలో మీటింగ్ గుర్తొచ్చి ఫోన్ తీసింది. ఆమె వంతు పని లిస్బన్ వాడు చూపించేశాడు. మేనేజరు పంపింది ఒక్క ప్రశ్నే: "అమ్మ దొరికిందా?" చైత్ర నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ, దొరికిందని రాసింది.

ఆ పూట మారెమ్మ కడుపు నిండా తిన్నది. తిన్నాక కూతురితో, "బాగలేదంటే నీ పని చెడిపోతుందని నోరు మూసుకోనుంటి. అన్నం లోపలికి పోయేది కాదే" అని చెప్పింది. చైత్ర తల్లి ఒళ్లో తలపెట్టుకుంది. "నేనూ అంతే మా, నిన్ను తెచ్చి తప్పు చేసినానని నాలో నేనే కుములుతాంటి" అంది.

ఆ తర్వాత టికెట్ల మాటే రాలేదు. మారెమ్మ పొద్దున్నే మోకాళ్లు పట్టుకుంటూ మెల్లగా మెట్లు దిగి అంగడికి పోయేది. ఆ అంగడామె పేరుకు మారెమ్మ నోరు తిరగలేదు, "అక్కా" అని పిలిచేది. అదే పిలుపు అంగడామెకూ పట్టుబడింది. వీసా గడువు తీరేదాకా ఉండి, వానలు మొదలయ్యే వేళకు ఇద్దరూ రాయచెర్లు చేరారు.

వచ్చే ఎండాకాలానికి ఎక్కడికి పోవాలో ఇంకా తేల్చుకోలేదు, తొందరా లేదు. మారెమ్మ ఇప్పుడు వాకిట్లో కూర్చోవడం లేదు. ఓబక్క చేనులో కలుపు తీయడానికి పోతోంది. మిద్దె మీద చల్లగాలికి చైత్ర పనిచేసుకుంటుంది. మధ్యలో కిందికి చూసినప్పుడు తల్లి కనిపించకపోతే ఆమెకు కంగారు పుట్టదు. ఎక్కడో ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుందిలే అనుకుని, మళ్లీ పనిలో పడుతుంది.