లేని వైరస్‌కు శాలువా

నెక్కొండ దగ్గర బాతులు చచ్చిపోయినప్పుడు మేం కనిపెట్టామన్న కొత్త వైరస్ అసలు లేనే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేదు.

అప్పుడు వరంగల్‌లో పశువ్యాధుల ల్యాబు నడిపేవాణ్ణి. కోసిన వరి మళ్లలో బాతులు మేపుకునే ఒకావిడ చచ్చిన బాతును సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చింది. చూడగానే మామూలు బాతుల ప్లేగే అనిపించింది. దానికి టీకా ఉంది. కానీ మాకు కొత్తగా జన్యుక్రమం చదివే యంత్రం వచ్చింది. అంత యంత్రం వచ్చాక మామూలు జబ్బు ఎవరికి కావాలి?

యంత్రం చదివిన వరుసల చివర్లలో తప్పులు ఎక్కువ. వాటిని కత్తిరించాకే మిగతా వైరస్‌లతో పోల్చాలి. ఈ పాఠం ఏటా చెప్పేవాణ్ణి నేనే. తొందరలో కత్తిరించలేదు. తెర మీద వైరస్‌ల వంశవృక్షంలో మాది ఎవరితోనూ పొత్తు లేకుండా, ఆస్తి పంచుకుని వేరుపడ్డ తమ్ముడిలా ఓ మూల నిలబడింది. కొత్త రకం! దానికి మా ఊరి పేరే పెట్టి మురిసిపోయాం. హన్మకొండలో సభ, శాలువా, పేపర్లో ఫొటో. వక్తలు బాతు అన్నప్పుడల్లా నా వైపే చూశారు.

మర్నాడు వ్యాసం రాయడానికి కూర్చుని, చివర్లు కత్తిరించి మళ్లీ పోల్చాను. మా కొత్త రకం బుద్ధిగా వెళ్లి పాత ప్లేగు పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రమే ఆవిడ ఫోన్ చేసింది.

"సారూ, సగం మంద ఇంక బతికే ఉన్నది. టీకా ఏపియ్యాల్నా?"

శాలువా ఇంకా కుర్చీ మీదే ఉంది.

"కొత్త రకం గదమ్మా, పాత టీకా పనిచేస్తదో లేదో. జర ఆగు."

ఆమె ఆగింది. రోగం ఆగలేదు.

చాలా ఏళ్లు మింగి ఊరుకున్నాను. ఈ మధ్యే ఆ కొత్త పేరు వెనక్కి తీసుకుంటున్నానని పైవాళ్లకు రాసిచ్చి నెక్కొండ వెళ్లాను. ఆమె ఇప్పుడు రైల్వే స్టేషన్ బయట మిర్చి బజ్జీలు వేస్తోంది. చూస్తూనే గుర్తుపట్టింది.

"ఏం సారూ, ఇంకో కొత్త రోగం దొరికిందా? పేపర్ల ఆ శాలువా మంచిగుండె మీకు."

"కొత్త రోగమే లేదమ్మా. పాతదే. నువ్వు ఫోన్ చేసేటాల్లకే నాకు తెల్సు."

నూనెలో గరిటె ఆగిపోయింది. "అయితే టీకా ఏపిస్తే దక్కేటియా?"

"చానామటుకు దక్కేటియి. నా పరువు పోతదని నీకు చెప్పలే. నీ మందను నేనే పోగొట్టిన. మాఫ్ చెయ్యమ్మా."