కళ్లు మూసుకుని తెరిచిన బైబిలు

టైలరమ్మకు దేవుడి మీద ఎంత నమ్మకమో, తన కుడిచేతి చూపుడువేలి మీదా అంతే నమ్మకం. ఏది తేల్చుకోవాల్సి వచ్చినా కళ్లు మూసుకుని బైబిలు తెరిచేది, వేలు పెట్టేది, వేలు ఎక్కడ పడితే అదే జవాబు. కొత్త కుట్టుమిషను కొనాలా వద్దా అని తెరిస్తే గుడారపు తెరల కొలతలు వచ్చాయి. ఇంకేముంది, దేవుడే బట్టల సంగతి ఎత్తాడని ఆ సాయంత్రానికే మిషను ఇంటికి తెచ్చేసుకుంది. ఫలానావాడు ఫలానావాణ్ని కన్నాడంటూ సాగే వంశావళిలో పడితే మాత్రం, "ఇవాళ ఆయనకు చెప్పే ఉద్దేశం లేనట్టుంది, రేపు చూద్దాం" అని మూసేసేది. ఒకసారి విలాపవాక్యాల ఏడుపుల్లో పడిందని కొట్టు కట్టేసి కూర్చుంటే, పెళ్లిగౌను ఏదమ్మా అంటూ పెళ్లికూతురి తరఫువాళ్లు ఇంటి మీదకు వచ్చారు. నవ్వుకుంటే నవ్వుకోండి గాని ఆమె భక్తిలో కపటం లేదు. తొందర ఉంది, అంతే.

ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు. భర్త ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. నిచ్చెన మీద ఎంత గట్టిగా నిలబడతాడో, నేల మీద భార్య ముందు అంత మెత్తన. అత్తగారికి చూపు ఆనదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బొత్తాలను చేత్తో తడిమి సైజులవారీగా వేరుచేస్తూ ఉంటుంది. ఆడపడుచు రెండు వీధుల అవతల కాపురం, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం.

మేస్త్రీకి షుగరు ఉంది. పనిలో ఎడమకాలికి మేకు గుచ్చుకుంటే నొప్పి తెలియక ఊరుకున్నాడు. తెలిసేసరికి పుండు ముదిరి రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఆ వేళ్లు తీసేయాలనీ, ఆలస్యం చేస్తే పాదానికి పాకుతుందనీ డాక్టరు చెప్పాడు. టైలరమ్మ గుండె గుభేలుమంది. నిచ్చెన ఎక్కి బతికే మనిషికి కాలివేళ్లు తీసేస్తే ఇక ఏం చేసి బతకాలి? ఆలోచించుకుని వస్తామని భర్తను ఇంటికి తీసుకొచ్చి, చేతిసంచి కింద పెట్టకుండానే బైబిలు తెరిచింది.

వేలు పడిన చోట ఒక రాజున్నాడు. అతనికి పాదాల్లో జబ్బు చేసిందట. ఆ జబ్బులో కూడా అతను దేవుణ్ని అడగకుండా వైద్యుల్ని పట్టుకున్నాడట. ఆ వెంటనే అతను చనిపోయాడని ఉంది.

టైలరమ్మ ఒళ్లు జలదరించింది. ఇంత లావు పుస్తకంలో వెతుక్కున్నా దొరకని సంగతి తన వేలి కిందికే వచ్చిందంటే ఇంకా అనుమానమా? ఆపరేషను లేదు, ప్రార్థనే మందు అని తేల్చేసింది.

సంగతి తెలిసి ఆడపడుచు డ్యూటీ బట్టలతోనే పరుగెత్తుకొచ్చింది.

"వదినా, రెండు వేళ్లు పోతే అన్నయ్య నడుస్తాడు. పాదం పోతే నడవలేడు. నువ్వు ఇంకా మొండికేస్తే అసలు మనిషే..."

"ఆ మాట పూర్తిచెయ్యకు. విశ్వాసం లేని నోరు నా ఇంట్లో వద్దు. ఆయన కాలు నయమయ్యేదాకా ఈ గుమ్మం తొక్కకు."

ఆడపడుచు వెళ్లిపోయింది. కిటికీ దగ్గర అత్తగారి చేతిలో బొత్తాల చప్పుడు ఆగింది. మేస్త్రీ ఏదో అనబోయి, భార్య ముఖం చూసి నీళ్లు నమిలాడు. పుండు చూస్తే నీకు కళ్లు తిరుగుతాయిలే, కట్టు సంగతి నేను చూసుకుంటానని మాత్రం అన్నాడు. ఆ మాటకు ఆమె లోలోపల సంతోషించింది కూడా.

రోజులు గడిచాయి. ఆమె మోకాళ్లూని ప్రార్థన చేస్తూనే ఉంది, వేళ్ల నలుపు పెరుగుతూనే ఉంది. ఒక ఉదయం మేస్త్రీ చలిజ్వరంతో కప్పిన దుప్పటి కింద వణికిపోయాడు. ఆమె మంచం పక్కన నిలబడి, "ఆ రాజుకు ఏమైందో చూశాం కదండీ, కాస్త ఓర్చుకోండి" అంది. ధైర్యం చెబుతున్నాననుకుంది గాని గొంతులో ధైర్యం లేదు.

అత్తగారు కుర్చీలోంచి పిలిచింది.

"అమ్మాయ్, ఆ రాజు రాజు అంటున్నావు. అసలు అతనేం చేశాడు?"

"ఏమో అత్తయ్యా. నాకు వచ్చింది ఆ ఒక్క వాక్యమే."

"ఎవరైనా గుడ్డ తెస్తే, మొత్తం పరిచి చూసుకోకుండా చేతికందిన కొసకు కత్తెర వేస్తావా?"

"ఎందుకు వేస్తాను?"

"మరి నా కొడుకు కాలి దగ్గరికొచ్చేసరికి ఎందుకు వేశావు? పైనుంచి చదువు. నేనూ వింటాను."

టైలరమ్మ విసురుగానే బైబిలు తీసింది, నిలబడే మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ కూర్చుంది. వయసులో ఉన్నప్పుడు ఆ రాజు మంచివాడే. ఆపద వస్తే దేవుడికి మొరపెట్టుకున్నాడు, గట్టెక్కాడు. తర్వాత దేవుణ్ని పక్కనపెట్టి ఇంకో రాజు అండ చూసుకున్నాడు. అది తప్పని ఒక ప్రవక్త వచ్చి ముఖం మీదే చెప్పాడు. రాజుకు కోపం ముంచుకొచ్చి, చెప్పిన మనిషిని పట్టి జైల్లో వేయించాడు.

అక్కడ ఆమె వెనక్కి వెళ్లింది. మళ్లీ చదివింది. దేవుణ్ని అడగలేదన్నదే అతని మీద ఫిర్యాదు. వైద్యం చేయించుకోవద్దని ఎక్కడా లేదు. ఉన్నదల్లా, నిజం చెప్పినవాడి నోరు మూయించిన మనిషి కథ.

"అత్తయ్యా, నేను మీ అమ్మాయిని గుమ్మంలోకి రావద్దన్నాను."

"ఆ మాట నేనెత్తలేదు. నువ్వే చదివావు."

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. కానీ ఆ సిగ్గు వెనకే మరొకటి వచ్చింది. దేవుడు వద్దనలేదు. ఆయన అసలు వద్దనలేదు. ఇన్నాళ్లూ గుండె మీద కూర్చున్న బరువు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. భర్త దగ్గరికి వెళ్లి, పెళ్లయ్యాక ఎన్నడూ అడగని మాట అడిగింది.

"మీరేమంటారండీ?"

"తీయించేసుకుంటాను. మొదటి రోజే అందామనుకున్నాను."

"మరి అనలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

ముఖం చెల్లకపోయినా ఆడపడుచుకు ఫోను చేసింది. "నువ్వు రా" అన్నది ఒక్కటే. అవతలి గొంతు దేనికని అడగలేదు. "బండి తీసుకొస్తున్నాను వదినా, అన్నయ్యకు చొక్కా తొడిగి ఉంచు" అంది.

ఆసుపత్రి బల్ల మీద కూర్చుని టైలరమ్మ బైబిలు తెరవలేదు, కళ్లు మూయలేదు. తలుపు వైపు చూస్తూ, "ఆయన్ని చూసుకో తండ్రీ, లోపల డాక్టరు చేతుల్నీ చూసుకో" అని మాత్రం అనుకుంది. మధ్యాహ్నం దాటాక ఆడపడుచు బయటికొచ్చింది.

"పాదం దక్కింది వదినా. రెండు వేళ్లే పోయాయి. కాలు కుదురుకున్నాక మెల్లగా నిచ్చెన కూడా ఎక్కొచ్చంటున్నారు."

టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"ఇన్నాళ్లు ఆగినా పాకలేదంటే దేవుడి దయ కదూ."

"దయే. పుండు ఎవరో రోజూ శుభ్రంగా కడిగి కట్టారని డాక్టరు కూడా అన్నాడు."

"ఆయనే కట్టుకునేవారు."

"అన్నయ్యకు కట్టడం వచ్చా?" ఆడపడుచు పక్కన కూర్చుంది. "రోజూ సాయంత్రం రంగుల కొట్టుకని కర్ర పట్టుకుని కుంటుకుంటూ బయల్దేరేది మా ఇంటికే. ఆపరేషనుకు రమ్మంటే మాత్రం, మీ వదిన ఒప్పుకుంటేనే అనేవాడు. నువ్వు గుమ్మం తొక్కొద్దన్నావు, తొక్కలేదు. కట్టు కట్టొద్దని అనలేదుగా."

టైలరమ్మ ఆమె రెండు చేతులూ లాక్కుని ముఖానికి ఆనించుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. తర్వాత తలెత్తి అంది.

"రేపు కట్టు విప్పేటప్పుడు నన్నూ పక్కన నిలబెట్టుకో. నాకు నేర్పు. నేను చూస్తాను."