అక్క గొంతు కోసం ఒక ఆంప్లిఫయరు

వీధిలో అందరూ ఆయన్ని కళ్ళజోళ్ళాయన అనేవాళ్ళు. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. యాభై నాలుగేళ్ళ మనిషి. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ముందుదా?" అని అడగడమే ఆయన పని. మహా నిదానస్తుడు. అక్క విషయంలో తప్ప ఆయన తొందరపడగా ఎవరూ చూడలేదు.

అక్క ఆయనకంటే పదకొండేళ్ళు పెద్దది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. బాగా పాడేది. పెళ్ళయ్యాక రెండు వీధుల అవతలే కాపురం పెట్టింది కనుక ఆ గొంతు ఆయనకు ఎన్నడూ దూరం కాలేదు. ఆరేళ్ళ కిందట గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడు ఆవిడ మాట్లాడితే ఊపిరి మాత్రమే వినిపిస్తుంది. మాట తెలియాలంటే పెదవులు చూడాలి.

ఆవిడ పాట ఒక్కటే మిగిలింది. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక చిన్న స్టూడియోలో పాడిన ఆరు నిమిషాల పాట. టేపు పూర్తిగా పాడవకముందే ఎవరో పుణ్యం కట్టుకుని సీడీకి ఎక్కించారు. కళ్ళజోళ్ళాయన దాన్ని దుకాణంలోని చిన్న ప్లేయరులో వినేవాడు. పాట వినిపించేది, అక్క మాత్రం ఎక్కడో డబ్బాలో మూత కింద ఉన్నట్టుండేది. ఆవిడ గదిలో నిలబడి పాడినట్టు ఒక్కసారి వింటే చాలుననిపించేది.

ఇల్లు మారుతున్న ఒక డాక్టరు దగ్గర పాత స్పీకర్లు కొన్నాడు. నడుమెత్తు ఉన్నాయి, ఒక్కోదాన్ని మోయడానికి ఇద్దరు కావలసివచ్చారు. వాటిని చూసి భార్య, "చుట్టాలు దిగినట్టున్నారు. తిరుగు ప్రయాణం ఎప్పుడో?" అంది. స్పీకర్లు మేలైనవే. ఇంట్లో ఉన్న ఆంప్లిఫయరుకు మాత్రం అవి లొంగలేదు. సౌండు సగం దాకా తిప్పినా పాట నీరసంగా ఉండేది, ఇంకా తిప్పితే అక్క గొంతు గరగరలాడేది.

అప్పుడెవరో దీపాల మాస్టారి సంగతి చెప్పారు. రేడియోలు బాగుచేసి బాగుచేసి, పెద్దతనంలో వాల్వులతో ఆంప్లిఫయర్లు కడుతున్న మనిషి. ఆ గాజు గొట్టాలు వెలుగుతూ ఉంటాయి కనుక ఆ పేరు. ఏ పాటలు వింటారని ఆయన అడగలేదు. ముందు స్పీకర్ల వెనక అంటించిన కాగితం ఫోటో చూపించమన్నాడు. చూసి తల గోక్కున్నాడు.

"వీటికి ఆకలెక్కువండీ. ఒక్క వాట్ పవరు ఇస్తే కొన్ని స్పీకర్లు కేకలేస్తాయి, ఇవి గొణుగుతాయి. పైగా మద్దెల మోత లాంటిది వచ్చినప్పుడు ఎక్కువ కరెంటు లాగుతాయి. చిన్న ఆంప్లిఫయరు అక్కడ చతికిలబడుతుంది."

ఆదివారం మధ్యాహ్నం మాస్టారు కారు వెనక సీట్లో రెండు ఆంప్లిఫయర్లు పెట్టుకుని వచ్చాడు. ఒకటి ఎనిమిది వాట్లది, పూలకుండీ అంత. రెండోది నలభై వాట్లది. దాన్ని మెట్లెక్కించేసరికి ఇద్దరికీ ఆయాసమొచ్చింది.

మొదట చిన్నది పెట్టారు. వాల్వులు వేడెక్కేదాకా ఆగి పాట వేశారు. తొలి చరణంలోనే కళ్ళజోళ్ళాయన కళ్ళు చెమర్చాయి. అంత మెత్తగా, అంత దగ్గరగా అక్క గొంతు విని ఎన్నాళ్ళయిందో. అయితే రెండో చరణంలో పాట పై స్థాయికి వెళ్ళింది. మద్దెల జోరందుకుంది. అంతే, అన్నీ కలగాపులగమై గొంతు నలిగిపోయింది. అయినా ఆయనకు దాన్ని వదలబుద్ధి కాలేదు. అది తన అక్క గొంతని చెప్పి, సౌండు తగ్గించి వింటే సరిపోదా అని అడిగాడు.

"తగ్గించి వినొచ్చు," అన్నాడు మాస్టారు. "మరి మీ అక్కగారు అంత పైకి పాడింది దేనికండీ?"

కళ్ళజోళ్ళాయన చిన్నదాని స్విచ్చి కట్టేశాడు.

రెండోదాన్ని మాస్టారు తనే బిగించాడు. వెనక ఎనిమిది ఓములని, నాలుగు ఓములని, స్పీకరు రకాన్ని బట్టి తీగలు బిగించే మరలు వేరువేరుగా ఉన్నాయి. ఈ స్పీకర్లకు నాలుగే సరైనదని దానికే తీగలు కలిపాడు. ఇందులో మొదటిదాని మెత్తదనం కాస్త తగ్గిన మాట నిజమే. కానీ పాట మొదలయ్యే ముందు, ఇన్నాళ్ళూ వట్టి బుసలా వినబడ్డచోట, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది. ఆ వెంటనే సన్నగా ఒక మాట.

"మొదలుపెట్టనా?"

కళ్ళజోళ్ళాయన పాట ఆపేశాడు. మళ్ళీ మొదటినుంచి వేశాడు. మళ్ళీ ఆపాడు. ఎక్కడో తీగ వదులైందేమోనని మాస్టారు లేవబోతే, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, అది అక్క మామూలు మాట అని చెప్పాడు. అన్నానికి పిలిచేటప్పుడు, బడికి ఆలస్యమవుతోందని లేపేటప్పుడు వినిపించే గొంతు అది. పెద్ద ఆంప్లిఫయరు ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

నాలుగు రోజులాగి అక్కను పిలిచాడు. ఆవిడ పాటంతా పరాయివాళ్ళ పాట విన్నట్టు విన్నది. రెండు చోట్ల వేలెత్తి తప్పు పాడానని చూపించి నవ్వింది కూడా. అప్పుడాయన ముందున్న ఆ ఒక్క మాట వినిపించాడు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. తమ్ముణ్ణి దగ్గరికి రమ్మంది. ఆయన ఆవిడ పెదవులు చూస్తూ విన్నాడు.

"పాడలేనని నేను ఏడవలేదురా. మెట్ల కింద నిలబడి నిన్ను కేకెయ్యలేకపోతున్నాను. అదే నా దిగులు."

తనకూ అదే దిగులని చెబితే ఆవిడ తట్టుకోలేదని ఆయనకనిపించింది. పోతూ పోతూ ఆవిడ, తానున్నప్పుడు తన పాట మళ్ళీ పెట్టొద్దంది. తప్పు చేశానేమోనని ఆయన వారం రోజులు సరిగా నిద్రపోలేదు.

ఆ తరువాతి గురువారం, దుకాణానికి సెలవు. మధ్యాహ్నం అక్క తనంతట తనే మెట్లెక్కి వచ్చింది. ఎవరిదైనా మంచి పాట వెయ్యమని సైగ చేసింది. అప్పటినుంచి ప్రతి గురువారం వస్తోంది. వాల్వుల వేడికి గది ఉక్కపోస్తుందని మరదలు కిటికీలు తీసిపెడుతుంది. అక్క కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఎవరెవరి పాటలకో పెదవులు కదుపుతుంది. కళ్ళజోళ్ళాయన ఆ పెదవుల వైపు చూడకుండా, సీడీలు సర్దుతున్నట్టు తల వంచుకుని కూర్చుంటాడు.