చిక్కుడుకాయ కత్తి

మనిషికి కావలసిన ప్రతి వస్తువునూ ప్రకృతి ఎప్పుడో తయారుచేసి పెట్టిందనేది మా సుధీంద్ర వాదం. జర్మనీలోని ఈ జిండెల్ఫింగెన్‌లో కార్ల తలుపులు డిజైన్ చేసే ఇంజినీరు, మా పై అంతస్తే. తలుపు గడియ చూపిస్తే పీత డెక్కంటాడు. గొడుగు చూపిస్తే పుట్టగొడుగంటాడు.

కరోనా రెండో ఏడు, ఇంట్లోంచే పని. అతని చూపు ఉత్తరాలు తెరిచే కత్తి మీద పడింది. ఈ దేశంలో ఏ కబురైనా పోస్టులోనే రావాలి కాబట్టి కవర్లకు కరువు లేదు.

మొదట కొంగ ముక్కు ఆకారంలో చేశాడు. అది కవరుతోపాటు లోపలి ఉత్తరాన్నీ చీల్చేసింది.

"ఏవండీ! హీటింగ్ మీటరతని టెర్మిన్ తేదీ ఈ ముక్కలో ఉంది, టైము ఆ ముక్కలో ఉంది!" అని అతని భార్య రాజ్యశ్రీ గోల. టెర్మిన్ అంటే ఇక్కడ అపాయింట్‌మెంటు.

"అయితే పదును సరిపోయిందన్నమాట," అని నోట్సు రాసుకున్నాడు.

తర్వాత మొగలి రేకు. ఈసారి కవరు తెగలేదు, వేలు తెగింది.

మూడోది చిక్కుడుకాయ. మా గుమ్మంలో దాన్నీ, ఒక జత మంచు గ్లోవ్సునూ పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడు.

"రంగనాథ్ గారూ, గ్లోవ్స్ వేసుకుని, వేళ్ళు ముడవకుండా కవరు ఓపెన్ చెయ్యండి."

"ఉత్తరానికి కూడా వైరసేనా?"

"టెస్టింగ్ సార్!"

అరచేతిలో ఒదిగిపోయింది. కవరు సుతారంగా తెరుచుకుంది. అతను మెట్ల మీదే గంతేశాడు.

అసలు సంగతి రాజ్యశ్రీ చెప్పింది. కింది అంతస్తులో ఉండే శారదాదేవి గారు పందొమ్మిదివందల అరవైల్లోనే ఇక్కడికొచ్చిన డాక్టరు. కీళ్ళవాతంతో ఇప్పుడు ఆవిడ వేళ్ళు వంగవు. లాక్‌డౌన్‌తో పనమ్మాయి రాక, విప్పని ఉత్తరాలు గుట్టపడ్డాయి. ఎవరినీ సాయం అడగని మనిషి. అందుకని సుధీంద్ర, "డాక్టరు గారూ, నా డిజైను కాస్త టెస్ట్ చేసి పెట్టరూ?" అని బతిమాలి ఇచ్చాడట. ఆవిడ తెరిచిన మూడో కవరులో టీకా టెర్మిన్ ఉంది, ఆ మర్నాటికే!

వారం తిరక్కుండా ఆవిడ ఫిర్యాదు చేసింది: "కత్తి బాగుందయ్యా. తెరవడానికి ఉత్తరాలే అయిపోయాయి."

సుధీంద్ర నాలుగంతస్తులూ తిరిగాడు. "ఆవిడకో ఉత్తరం రాయండి, టెస్టింగ్ ఆగిపోతోంది!"

నేనూ కూర్చుని రెండు పేజీలు రాశాను. అందగానే ఫోనొచ్చింది.

"ఏమయ్యా రంగనాథ్, నీ చేతిరాత ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మనిద్దరిలో డాక్టరు నువ్వా, నేనా?"