ఎదురుకాళ్ల బిడ్డ

నా మొదటి కాన్పుకి రాజమండ్రిలో స్కానింగ్ తీస్తే, బిడ్డ తల పైకీ కాళ్లు కిందకీ ఉన్నాయని తేలింది. నెలలు నిండినా తిరగలేదు కాబట్టి ఆపరేషన్ చేయడమే మంచిదని డాక్టరమ్మ చెప్పారు. నాకు భయమేసింది. మా అత్తగారికి మాత్రం సంబరం. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుంనొప్పి పోతుందని మా మండపేటలో నమ్మకం. రైసుమిల్లులో బస్తాలు మోసేవాళ్లందరూ ఇక మా అరుగు మీదే బోర్లా పడుకుంటారని ఆవిడ అప్పుడే ఊహించేసుకున్నారు.

"కోసి తీస్తే ఆ గుణం ఉంటుందాండీ?" అని అడిగారు.

"ముందు బిడ్డ ఉండాలి కదండీ" అన్నారు డాక్టరమ్మ.

"కాళ్లతోనే రానివ్వండి. నా నడుం కూడా పట్టేసిందండి" అన్నారు అత్తగారు.

మా ఆయన ఆపరేషన్ కాగితం పట్టుకుని వాళ్లమ్మ మొహం చూస్తూ నిలబడ్డారు. ఆ కాగితం నేనే లాక్కుని సంతకం పెట్టాను. గంటలో పాప ఏడుపు విన్నాను.